ఇరవై రెండు అంగుళాల అరుగు

నా చిన్నప్పుడు మా ఇంటి అరుగు వీధికన్నా ఆరంగుళాలు ఎత్తులో ఉండేది. మా తాతయ్య దాన్ని కట్టించిన రోజున ఆ ఎత్తు ఇరవై రెండు అంగుళాలు. మధ్యలో పదహారు అంగుళాలు ఏమయ్యాయో నా పన్నెండో ఏట ఒక తాపీ మేస్త్రి లెక్కకట్టి చెప్పారు. అరుగు కుంగలేదు. వీధే కొంచెం కొంచెంగా పైకొచ్చింది. మొదట మట్టిబాట మీద ఎర్ర గ్రావెలు ఏడంగుళాలు. కొన్నేళ్ళకి దాని మీద కంకర, తారు కలిపి తొమ్మిది. ఆ తర్వాత వచ్చిన మూడో పొర గురించే నేనిప్పుడు రాస్తున్నది.

మా ఊరు మామిడికుదురుకి దగ్గర. వీధికి ఒక పక్క పంటకాలువ, రెండో పక్క వరుసగా ఇళ్ళు, ఇళ్ళ వెనక రైతుల కొబ్బరితోటలు. గట్టిగా నాలుగు రోజులు వాన పడితే కాలువేదో వీధేదో తెలియదు. అందుకే మా వైపు ఎవరు ఇల్లు మొదలుపెట్టినా జనం ముందు అడిగేది గదులెన్ని అని కాదు, మెరక ఎంత చేశారని. మెరక చెయ్యడమంటే స్థలంలో మట్టి పోసి ఎత్తు చెయ్యడం. ఎన్ని ట్రాక్టర్ల మట్టి పోయించారో పెళ్ళిళ్ళలో కూడా చెప్పుకుంటారు. ఎత్తు అనే మాటలో చెడు ఉంటుందని మాకెవరికీ తోచేది కాదు.

మా తాతయ్య ఎలిమెంటరీ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. ఆయన తండ్రి, అంటే మా ముత్తాత, రైతుల పొలాల్లో కూలి చేసేవారు. పని అడగడానికో, జ్వరం వచ్చింది రాలేనని చెప్పుకోవడానికో రైతు ఇంటికి వెళ్తే, రైతు ఎత్తైన అరుగు మీద కూర్చుని మాట్లాడేవారట. ముత్తాత వీధిలో నిలబడి జవాబు చెప్పేవారట. తండ్రి చెయ్యి పట్టుకుని పక్కనే నిలబడ్డ మా తాతయ్యకి ఆ మాటలేవీ గుర్తులేవు. మెడనొప్పి ఒక్కటే గుర్తు. పైకి చూసి చూసి మెడ పట్టేసేదని, ఇంటికొచ్చాక వాళ్ళమ్మ ఆముదం రాసేదని చెప్పేవారు. అది కూడా కోపంగా కాదు. నిన్న వాన పడిందని చెప్పినట్టు చెప్పేవారు.

మిషన్ స్కూల్లో చదువుకుని, ఉద్యోగం వచ్చాక ఆయన రెండు గదుల పెంకుటిల్లు కట్టించారు. ఇంటి ముందు వీధి వైపు పొడుగునా అరుగు. దాని ఎత్తు ఎంతుండాలో తేల్చుకోవడానికి వీధిలో ఇటుకల మీద ఇటుకలు పేర్పించి, వాటి మీద తనే కూర్చుని చూశారట. తక్కువైతే ముసలివాళ్ళు లేవలేరు. ఎక్కువైతే కూర్చోడానికి ఎగరాలి, కూర్చున్నవాడు నిలబడ్డవాడి కన్నా పైనుంటాడు. ఇరవై రెండు దగ్గర ఆయన ఆగారు. దారిన పోయే మనిషి ఆగి, వెనక్కి తిరిగి, అలా కూలబడితే సరిపోయే ఎత్తు అది.

ఆ అరుగుకి ఒకటే నియమం. తాతయ్య కూర్చుని ఉండగా ఎవరూ వీధిలో నిలబడి మాట్లాడకూడదు. ఎవరైనా సరే ముందు కూర్చోవాలి. ఎరువుల కొట్టు ఎక్కడని అడిగిన కొత్తవాడు కూడా కూర్చోవలసిందే. కొబ్బరి దింపులు తీసే మనిషి చెట్టెక్కే మోకు భుజాన వేసుకునే కూర్చునేవాడు. పోస్టుమాన్ సైకిలు స్టాండు వేసి కూర్చునేవాడు. వెనక తోట రైతుగారు, ఏ అరుగు కింద మా ముత్తాత నిలబడ్డారో ఆ ఇంటి మనవడు, ఆయన కూడా పంచె సర్దుకుని కూర్చునేవారు. "మాస్టారు కూచోబెట్టకుండా టైమెంతయ్యిందో కూడా చెప్పరండి బాబూ" అని వీధిలో నవ్వుకునేవారు.

పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిది దాకా, మళ్ళీ సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా ఆయన అక్కడే. పేపరు పైకి చదివేవారు. నేను పక్కన కూర్చుని హోంవర్కు చేసుకునేవాణ్ణి. నాకు చిన్నప్పటినుంచీ లెక్కపెట్టే అలవాటు ఉంది. ఒక శనివారం పొద్దున ఎంతమంది ఆయన్ని పలకరించారో పెన్సిలుతో గీతలు పెట్టాను. యాభై మూడు వచ్చాయి. వాళ్ళలో పద్నాలుగు మంది కూర్చున్నారు. ఆ కాగితం చూపిస్తే తాతయ్య చాలాసేపు చూసి, మడిచి, బైబిల్లో పెట్టుకున్నారు.

నేను అయిదో తరగతి పూర్తిచేసి హైస్కూల్లో చేరిన సంవత్సరం వానలు బాగా ముంచాయి. తారు రోడ్డు మీద నీళ్ళు తొమ్మిది రోజులు నిలిచాయి. బళ్ళోకి కొన్నిచోట్ల మోకాలిలోతు నీళ్ళలో వెళ్ళాం. పక్కింటి అక్కకి అప్పుడు నెలలు నిండాయి. నొప్పులు వస్తుంటే కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు మోసుకుంటూ మెయిన్ రోడ్డు దాకా తీసుకెళ్ళారు. దారిలో ఒకరి కాలు గోతిలో పడి కుర్చీ ఒరిగింది. అక్క అరిచిన అరుపు మా అరుగు మీదికి వినిపించింది. ఆమెకేమీ కాలేదు, బిడ్డ కూడా క్షేమమే. కానీ మర్నాడే తాతయ్య సిమెంటు రోడ్డు కోసం అర్జీ రాద్దామని వీధివాళ్ళందరినీ పిలిచారు.

ఆయన చేతి వణుకు అప్పటికే మొదలైంది. అందుకని ఆయన చెబుతుంటే నేను రాశాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అనేవారు, నాకూ ఆ సంగతి తెలుసు. "వర్షాకాలములో మునగకుండా రోడ్డును బాగుగా ఎత్తు చేసి వేయవలసిందిగా ప్రార్థించుచున్నాము" అని చెప్పారు. నేను రాయడం ఆపి అడిగాను.

"ఎంత ఎత్తు తాతయ్యా?"

"అది మనం రాయకూడదు నాన్నా. వాళ్ళు ఇంజనీర్లు. చదువుకున్నవాళ్ళకి తెలుస్తుంది."

చదువుకున్నవాళ్ళ మీద ఆయనకి ఉన్న నమ్మకం అలాంటిది. ఆ చదువే కదా ఆయన్ని వీధిలోంచి అరుగు మీదికి తెచ్చింది. నేను అంకె లేకుండానే వాక్యం పూర్తిచేశాను. వీధిలో ఉన్నవాళ్ళందరూ సంతకాలు చేశారు, సంతకం రానివాళ్ళు వేలిముద్రలు వేశారు.

మా వీధి అదృష్టమో ఏమో, ఏడాది తిరక్కుండానే రోడ్డు వచ్చింది. లారీల్లో గ్రావెలు దిగింది, రోలరు తిరిగింది. తాతయ్య అరుగు మీద కూర్చుని పనివాళ్ళకి బొండాలు కొట్టించి ఇచ్చేవారు. వాళ్ళనీ కూర్చోబెట్టేవారు. గ్రావెలు పరిచి తొక్కించాక రెండు పక్కలా చెక్కలు బిగించారు, వాటి మధ్య సిమెంటు పొయ్యడానికి. ఆ సాయంత్రం బడి నుంచి వస్తూ నేను గమనించాను. చెక్క పై అంచు మా అరుగుకన్నా పైకి ఉంది. తాతయ్యకి చెప్పాను. ఆయన చూసి, "సెంట్రింగు చెక్కలురా అవి. పనయ్యాక ఊడదీసేస్తారు" అన్నారు. నలభై ఏళ్ళు లెక్కలు చెప్పిన మనిషి అన్న మాట అది. పనయ్యాక చెక్కలు నిజంగానే ఊడదీశారు. వాటి ఎత్తున రోడ్డు మిగిలింది.

అప్పటినుంచి మా అరుగు రోడ్డుకన్నా పన్నెండు అంగుళాలు కింద. అరుగుకీ రోడ్డు గోడకీ మధ్య మూడడుగుల సందు, కాలువలాగ. వీధిలోకి వెళ్ళాలంటే ఆ సందులో దిగి, అక్కడ పెట్టిన రాయి మీద కాలేసి రోడ్డెక్కాలి.

మొదటి వారం జనం దిగి వచ్చారు. కొత్త రోడ్డు ఎంత బాగుందో చెప్పి, కూర్చుని, మళ్ళీ మోకాళ్ళు పట్టుకుని ఎక్కారు. రెండో వారం నుంచి రోడ్డు మీదే నిలబడి మాట్లాడటం మొదలుపెట్టారు. ఎవరికీ అగౌరవం చెయ్యాలని లేదు. "ఏం మాస్టారూ, బాగున్నారాండీ" అని పైనుంచి అడిగేవారు. తాతయ్య తల పైకెత్తి, "ఆయ్, బాగున్నాను, కూచోండి" అనేవారు. వాళ్ళు సందులోకి ఒకసారి చూసి, "పర్లేదండి, పనుందండి" అనేవారు. పోస్టుమాన్ సైకిలు దిగకుండా వంగి ఉత్తరం అందించేవాడు. రైతుగారు మోటారుసైకిలు ఆపి, ఒక కాలు రోడ్డు మీద ఆనించి, ఇంజను ఆపకుండా మాట్లాడి వెళ్ళేవారు. ఆయన మాట్లాడింది మా తాతయ్య ఆరోగ్యం గురించే, ఎంతో మర్యాదగానే. తాతయ్య ఆయన వెళ్ళేదాకా పైకి చూస్తూ ఉన్నారు.

ఆ రోజు సాయంత్రం మా మామ్మ ఉప్పు వేయించి గుడ్డలో మూట కట్టి ఆయన మెడకి కాపడం పెట్టింది. తర్వాత అది రోజూ జరిగే పని అయింది.

మళ్ళీ గీతలు పెట్టి లెక్కవేద్దామని ఒక రోజు కాగితం తీశాను. తాతయ్య చూశారు. నేను కాగితం లోపల పెట్టేశాను.

మా నాన్న అమలాపురంలో ఒక కాలేజీలో లాబ్ అసిస్టెంటు. సెలవు పెట్టి రోడ్డు వేసిన కాంట్రాక్టరు దగ్గరికి, ఆఫీసుకి వెళ్ళారు. నన్నూ తీసుకెళ్ళారు. ఆఫీసులో ఒక ఉద్యోగి నాన్నకి కుర్చీ వేసి కూర్చోబెట్టారు, టీ ఇప్పించారు. ఫైలు తెరిచి మా అర్జీ చూపించారు. నా దస్తూరీ అది. నీలం ఇంకు, ఎడమ వైపు మార్జిను. "మీరడిగినట్టే వేసేమండి. ఎత్తు చేసి వెయ్యమని మీరే కదండీ రాసేరు" అన్నారు ఆ ఉద్యోగి. వెటకారం లేదు. వేసిన రోడ్డు కొయ్యడం కుదరదని, కాలువ మట్టాన్ని బట్టి ఆ ఎత్తు పెట్టారని, ఇళ్ళ మట్టాలు ఎస్టిమేట్లో ఉండవని విడమరిచి చెప్పారు. నాన్న ఆయ్, ఆయ్ అంటూ విని లేచారు.

తాతయ్య పేపరు పైకి చదవడం మానేశారు. వినేవాళ్ళెవరు. గడ్డం రోజూ చేసుకునే మనిషి వారానికి ఒకసారి చేసుకోసాగారు. అన్నం సగంలో వదిలేసేవారు. ఒక మధ్యాహ్నం మామ్మకి ఓపిక పోయింది.

"ఎన్నాళ్ళిలా కూచుంటారు, ఎవరో చేసినట్టు? రాయించింది మీరే కదండీ."

"ఆయ్. నేనే" అన్నారు తాతయ్య.

మామ్మ వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. నేను అరుగు చివర నిలబడి ఉన్నాను. రాసింది నేను అని చెప్పాలనిపించింది. చెప్పలేదు.

అప్పుడు నాన్న తాపీ మేస్త్రిని పిలిచారు. మా అరుగు కట్టిన పెద్దాయన కొడుకు ఆయన, తాతయ్య దగ్గర అయిదో తరగతి దాకా చదివారు. నీళ్ళు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపు ఒకటి భుజాన చుట్టుకొచ్చారు. ఆ పైపు రెండు కొసలూ ఎక్కడ పెట్టినా నీళ్ళు ఒకే మట్టంలో నిలుస్తాయి కాబట్టి దాంతో ఎత్తు తేడాలు కొలుస్తారు. నాన్న ఇలా కొలవండి అలా కొలవండి అంటుంటే, మేస్త్రి గారు పైపు పక్కన పెట్టి, సందులోకి దిగి, అరుగు మీద తాతయ్య పక్కన కూర్చున్నారు. పది నిమిషాలు అలా రోడ్డు వైపు చూస్తూ ఉన్నారు. తర్వాత నన్ను పిలిచారు.

"బాబూ, ఇలా రా. తాతగారి పక్కన కూచో. ఏం కనపడతన్నాయి?"

కూర్చుని చూశాను. రోజూ కూర్చునే చోటే, కానీ అంతకుముందు అలా చూడలేదు. చెప్పులు. సైకిలు చక్రాలు. చీర కుచ్చిళ్ళు. మేక కాళ్ళు నాలుగు. ఎవరివో రెండు కాళ్ళు ఆగాయి, మా వైపు తిరిగాయి, మళ్ళీ వెళ్ళిపోయాయి. ఆ మనిషి ఎవరో నాకు తెలియలేదు.

"కాళ్ళు" అన్నాను.

"అదీ కొలత. ఇంక పైపు పట్టు" అన్నారు.

ఒక కొస నేను పట్టుకున్నాను, ఒక కొస ఆయన. నీళ్ళు ఊగి ఊగి ఆగేదాకా చూడమన్నారు. గోడ మీద పెన్సిలుతో గీతలు పెట్టాం. అప్పుడే ఆయన ఇరవై రెండు సంగతి, తన తండ్రి చెప్పిన ఇటుకల సంగతి చెప్పి, మూడు పొరల లెక్క వరసగా వివరించారు. కూర్చున్న మనిషి కన్ను అరుగుకి ఇరవై ఎనిమిది అంగుళాల పైన ఉంటుంది. మొదట్లో తాతయ్య కన్ను వీధికి యాభై అంగుళాల ఎత్తులో ఉండేది. ఇప్పుడు రోడ్డుకి పదహారు. లెక్క చెబుతూ మధ్యలో ఆగి, "నాకు లెక్కలు రావని మీరే కదండీ చెవి మెలేసేరు" అన్నారు. తాతయ్య చాలా రోజుల తర్వాత నవ్వారు. "మెలేస్తేనే కదరా వచ్చేయి" అన్నారు.

అరుగు ఎత్తు పెంచితే సరిపోతుంది కదా అని నేనడిగాను. మేస్త్రి గారు నా చెయ్యి పట్టుకుని పైకి ఎత్తించి చూరుని తాకించారు. అరుగు నుంచి చూరు అంచుకి అయిదున్నర అడుగులు. పాత లెక్క రావాలంటే అరుగు ముప్ఫై నాలుగు అంగుళాలు లేపాలి. అప్పుడు మిగిలేది ముప్ఫై రెండు. మనిషి మంచం కిందికి దూరినట్టు దూరాలి. చూరు లేపుదామంటే ఆ గోడలు ఆగవు. ఇల్లంతా దించి కొత్తగా కట్టాలి. నాన్న తల వంచుకున్నారు. రోడ్డు దిగదు, కప్పు లేవదు. మధ్యలో తాతయ్య ఉన్నారు.

మూడు రోజుల తర్వాత మేస్త్రి గారు ఇటుకలు తెచ్చి రోడ్డుకి అటు పక్క, కాలువ గట్టు మీద, మా ఇంటికి ఎదురుగా ఒక దిమ్మ కట్టారు. నున్నగా సిమెంటు చేశారు. రోడ్డు నుంచి సరిగ్గా ఇరవై రెండు అంగుళాలు. పైన కొబ్బరిచెట్టు నీడ. ఆరాక నాన్న, నేను తాతయ్యని చెరో చెయ్యి పట్టుకుని రోడ్డెక్కించి అక్కడ కూర్చోబెట్టాం. జనం ఆగారు. కూర్చున్నారు కూడా. నేను లోలోపల గీతలు పెట్టుకుంటున్నాను. ఏడుగురు, ఎనిమిది మంది. లెక్క సరిపోయింది అనుకున్నాను.

రెండో రోజు సాయంత్రం ఆయన ఎదురుగా మా ఇంటి వైపే చూస్తున్నారు. నేనూ చూశాను. అక్కడినుంచి మా ఇల్లు గోతిలో ఉన్నట్టుంది. పెంకుల మీద నాచు, జారిన రెండు పెంకులు, అన్నీ పైనుంచి కనిపిస్తున్నాయి. గుమ్మంలో నిలబడ్డ మామ్మ తల పైకెత్తి మా వైపు చూస్తోంది.

"ఇక్కడ కూచుంటే ఎవరింటికో వచ్చినట్టుందిరా. రమ్మనడానికి నా గుమ్మం లేదు. పద" అన్నారు. మళ్ళీ ఆ దిమ్మ మీద కూర్చోలేదు.

ఆ సంగతి తెలిసి మేస్త్రి గారు వచ్చారు. నొచ్చుకుంటారని మేం భయపడ్డాం. ఆయన సందులోకి దిగి అరుగు మీద కూర్చుని, "తప్పు లెక్క చేసేనండి మాస్టారూ. ఎత్తు చూసేను గానీ ఎవరి గుమ్మమో చూళ్ళేదు" అన్నారు.

"పోనీలే. సగం మార్కులు వేస్తాను" అన్నారు తాతయ్య.

ఆ రోజు నుంచి మేస్త్రి గారు పని ముగించుకుని ఇంటికి వెళ్తూ రోజూ మా దగ్గర ఆగేవారు. సిమెంటు అంటిన కాళ్ళతో ఆ రాయి మీద అడుగేసి కిందికి దిగి, తాతయ్య పక్కన అరగంట కూర్చునేవారు. ఇద్దరూ వెళ్ళే కాళ్ళు చూసి ఎవరివో చెప్పుకునే ఆట ఒకటి మొదలుపెట్టారు. "ఆ మడమ పగుళ్ళు పాలకేంద్రం ఆయనవండి" అనేవారు మేస్త్రి గారు. "కాదు, వాళ్ళ తమ్ముడివి. అతనికి కుడి కాలు వంకర" అనేవారు తాతయ్య. ఆయన దగ్గర చదివిన పిల్లలు పెద్దవాళ్ళైపోయి నడుస్తున్న కాళ్ళవి. సగం కాళ్ళు ఆయన గుర్తుపట్టేవారు. గుర్తుపట్టినప్పుడు మాత్రం ఆయన గొంతు పాత గొంతులా ఉండేది.

ఒకరు దిగారని మిగతావాళ్ళు దిగలేదు. కథల్లో అయితే దిగేవారేమో. వానలు మొదలయ్యాయి. అక్కని మోసుకెళ్ళిన చోట ఈసారి చుక్క నీరు నిలవలేదు, రోడ్డు మీద పడిందంతా మా సందులోకి వచ్చింది. ఆ రోడ్డు తప్పు రోడ్డు అని నేను ఇప్పటికీ అనలేను. ఆటో గుమ్మం దాకా వచ్చేది, పక్కింటి అక్క బిడ్డని ఎత్తుకుని తడవకుండా ఆస్పత్రికి వెళ్ళొచ్చేది. మేం ఇసక మూటలు పేర్చాం. బకెట్లతో తోడాం. అరుగు మీదికి నీళ్ళొచ్చాక తాతయ్య మంచం లోపలి గదిలోకి మార్చాం. ఆ గదికి ఒకే కిటికీ, అది వెనక తోట వైపు. కొబ్బరి మొదళ్ళు తప్ప ఏమీ కనిపించవు. మేస్త్రి గారు ఆ గదిలోకీ వచ్చారు. ఆ ఎండాకాలం రాకముందే తాతయ్య పోయారు. రోడ్డు వల్ల పోయారని నేననను. ఆయనకి వయసు వచ్చింది, గుండె బలహీనంగా ఉంది, డాక్టరు చెప్పింది ఆ రెండే. కానీ యాభై అంగుళాల నుంచి పదహారుకి, అక్కడినుంచి కొబ్బరి మొదళ్ళకి, ఆయన చూపు ఎలా దిగిందో నేను దగ్గరుండి చూశాను.

తర్వాత నాన్న ఇల్లు దించి డాబా కట్టారు. మెరక మూడడుగులు చేశారు. అరుగు కట్టలేదు, గేటు పెట్టారు.

నేను కాకినాడలో సివిల్ ఇంజనీరింగ్ చదివాను. ఇప్పుడు రాయవరం వైపు రోడ్ల పనుల్లో ఉన్నాను. లెవెలు మెషిను పెట్టి మట్టాలు తీస్తాను, ఎస్టిమేట్లు రాస్తాను. నా దస్తూరీ ఇప్పటికీ బాగుంటుంది. కొత్త రోడ్డు వేసేముందు పాతది తవ్వి తీసేస్తే ఎత్తు పెరగదు. అది అందరికీ తెలిసిందే. నేను ఆ మాట రాసి పంపిన నోట్లు వెనక్కి వచ్చాయి, దానికి ఎస్టిమేట్లో చోటు లేదని. మూడోసారి రాసినదానికి జవాబే రాలేదు. పైగా నేను వెళ్ళిన ప్రతి ఊళ్ళోనూ జనం చుట్టూ చేరి ఒకటే అడుగుతారు, కొంచెం ఎత్తుగా వెయ్యండి బాబూ అని. వాళ్ళ వీధులూ మునుగుతాయి. వాళ్ళకీ ఒక అక్క ఉంటుంది. ఎంత ఎత్తు అని నేనడుగుతాను. మీకు తెలుస్తుంది కదండీ అంటారు.

అందుకని మెషిను బిగించకముందు ఒక పని చేస్తాను. వీధి చివరి నుంచి మొదలుపెట్టి, అరుగున్న ప్రతి ఇంటి దగ్గరా అడిగి కాసేపు కూర్చుంటాను. నా లెవెలు పుస్తకంలో చివరి పేజీల్లో ఒక పట్టిక ఉంది, ఆఫీసుకి అక్కర్లేనిది. మొదటి గడిలో ఇల్లు. రెండో గడిలో, కూర్చుంటే ఇప్పుడు ఏం కనిపిస్తుంది. మూడో గడిలో, రోడ్డయ్యాక ఏం కనిపిస్తుంది. రెండో గడిలో ఎక్కువగా ముఖాలు అని ఉంటుంది. మూడో గడి రాయడానికి నాకు ఎక్కువ సమయం పడుతుంది.

మొన్న ఒక వీధిలో ఒక మామ్మగారు అరుగు మీద గోంగూర ఒలుచుకుంటున్నారు. నేను కూర్చుని, రెండో గడి నింపి, మూడోది నింపుతుంటే ఆవిడ పుస్తకంలోకి తొంగి చూశారు.

"రోడ్డొస్తే ఎంత ఎత్తొస్తది బాబూ?"

ఇన్నేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అంకె చెప్పబోయి ఆగాను. లేచి, వీధిలో ఆవిడ ఎదురుగా నిలబడి, చెయ్యి చాపి, రోడ్డు ఎక్కడికి వస్తుందో గాలిలో అక్కడ అరచెయ్యి ఆపాను. అది ఆవిడ కూర్చున్న అరుగుకన్నా ఒక జానెడు పైన ఉంది. ఆవిడ నా అరచేతి వైపు, తర్వాత వీధిలో వెళ్తున్న పిల్లల వైపు చూశారు. నేను ఏమీ చెయ్యలేనని ఆవిడకి చెప్పాను. కారణాలు కూడా చెప్పాను, ఆఫీసులో మా నాన్నకి చెప్పినంత మర్యాదగా. ఆవిడ ఆయ్ అన్నారు.

పదకొండేళ్ళప్పుడు అంకె లేకుండా వదిలేసిన ఆ వాక్యం నా దగ్గరే ఉంది. రోడ్డుని ఒక్క అంగుళం కూడా దించలేను. ఎంత ఎత్తో చెప్పగలను, చెప్పాక నిలబడి ఉండకుండా పక్కన కూర్చోగలను. ఆవిడ గోంగూర కట్టలు పక్కకి జరిపారు. నేను వెళ్ళి మళ్ళీ కూర్చున్నాను.